‘మీ ప్రయాణం చెప్పండి’ అనకండి, చేతిలో ఏముందో అడగండి

మీ ప్రశ్న చదివిన రోజే రాద్దామనుకున్నాను గానీ నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీరు అడిగింది ఇదీ: మీది ఎంవీపీ కాలనీ, డిగ్రీ అయిపోయింది, విశాఖలో ఉన్న సంగీతం వాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు, పేటల్లో పెద్దమనుషులు, వీళ్లందరితో మాట్లాడి రికార్డు చేసి దాచాలని ఉంది, ఇప్పటికి ఇద్దరితో చేశారు, ఇద్దరూ పది నిమిషాల్లో ‘అంతా గురువుల ఆశీర్వాదం, ఆ దేవుడి దయ’ అని ముగించేశారు. ఏం అడగాలి, ఏ మైకు కొనాలి, డబ్బులివ్వాలా, ఎవరితో మొదలెట్టాలి, ఇవీ మీ ప్రశ్నలు. నేను పదిహేడేళ్లుగా ఈ పని చేస్తున్నాను, మొదట చిన్న పత్రికలకి, తర్వాత నా కోసమే. వందమందికి పైగా మనుషులతో మాట్లాడి ఉంటాను, అందులో నేను పాడుచేసుకున్నవీ ఉన్నాయి, వాటి గురించే ఎక్కువ చెప్తాను, అవే మీకు పనికొస్తాయి.

ముందు మీ మొదటి ప్రశ్న చూడండి, మీరే రాశారు: ‘సార్, మీ సంగీత ప్రయాణం గురించి చెప్పండి’. దీనికి ఆయన దగ్గర జవాబు ఎప్పట్నుంచో రెడీగా ఉంటుంది. సన్మానంలో శాలువా కప్పి మైకు చేతికిస్తే చెప్పే మాటలు ఉంటాయి కదా, అవే మీకూ చెప్పాడు. ఆయన దాచిందేమీ లేదు, మీరు అడిగిన దానికి ఊళ్లో మర్యాదగా చెప్పే జవాబు అదే. మనకి కావాల్సింది ఆ జవాబు అయిపోయాక మొదలవుతుంది, అక్కడికి వెళ్లాలంటే జీవితాన్ని అడక్కూడదు, వస్తువుని అడగాలి.

నాకు ఇది తెలిసింది వన్‌టౌన్‌లో, బురుజుపేట దగ్గర ఒక డోలు వాయించే పెద్దాయన ఇంట్లో. సన్నాయి మేళం కుటుంబం, మూడు తరాలుగా అదే పని. మొదటిసారి నేను వెళ్లింది మార్గశిరంలో, అదీ గురువారం, కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టూ ఇసకేస్తే రాలని జనం, ఆయనకి ఊపిరి తిరగట్లేదు, ‘తర్వాత రా బావూ’ అన్నాడు. రెండోసారి కూర్చోబెట్టి టీ ఇచ్చి మీకు చెప్పినట్టే గురువు, దేవుడు, అమ్మవారు అని పది నిమిషాలు చెప్పి లేచిపోయాడు. మూడోసారి వెళ్లినప్పుడు ఫోను జేబులోంచి తియ్యలేదు. ఊరికే కూర్చున్నాను. గూట్లో పాత బిస్కెట్ల డబ్బా ఒకటి కనపడింది, అందులో ఏముందండీ అన్నాను.

ఆయన నవ్వి డబ్బా దింపాడు. అందులో వేళ్లకి పెట్టుకునే తొడుగులు. డోలు వాయించేవాళ్లు ఎడం చేత్తో పుల్ల పట్టుకుంటారు, కుడి చేతి వేళ్లకి గట్టి తొడుగులు వేసుకుంటారు, అవి లేకపోతే ఆ చర్మం మీద ఆ శబ్దం రాదు, వేళ్లు మిగలవు. ‘ఇదేటుంది బావూ, పేలికలు, జిగురు’ అన్నాడు గానీ ఒక్కొక్కటీ తీసి నా అరచేతిలో పెడుతున్నాడు. గుడ్డ పేలిక తడిపి జిగురు రాసి వేలి చుట్టూ పొర మీద పొర చుట్టడం, ఎండలో పెట్టడం, బిగుతైతే రక్తం ఆగిపోతుంది, వదులైతే వాయిస్తుంటే ఎగిరి జనంలో పడిపోద్ది, అది ఎలా సరిచూసుకోవాలి, అన్నీ చెప్పాడు. అందులో ఒక చిన్న జత ఉంది, పిల్లాడి వేళ్లవి. అవి వాళ్ల నాన్న ఈయనకి తొమ్మిదో ఏట చేసిచ్చినవి. ఆ జత చేతిలో పట్టుకున్నాక ఆయన ఇంకో గంటన్నర ఆగలేదు. వాళ్ల నాన్న ఎందుకు కొట్టేవాడు, పెళ్లివాళ్లు భోజనం ఎక్కడ పెట్టేవాళ్లు, ఏ ఇంట్లో లోపలికి రానిచ్చేవాళ్లు, ఏ ఇంట్లో పందిట్లోనే ఉంచేవాళ్లు, బ్యాండు మేళాలు వచ్చాక ఎన్ని ముహూర్తాలు పోయాయి. నేను ఏమీ అడగలేదు, ‘ఊఁ’ అనడం తప్ప. మధ్యలో ఒకసారి రికార్డు చేసుకోవచ్చా అంటే తలూపాడు, అప్పుడు ఫోను తీసి డబ్బా పక్కనే పెట్టాను.

కాబట్టి మీరు సంగీతం వాళ్ల దగ్గరికి వెళ్తే వాద్యం గురించి అడగండి, అదీ ఆ వాద్యం పనిచేసే తీరు గురించి. మృదంగం వాళ్లని ఎడమ వైపు రవ్వ ముద్ద ఎప్పుడు పెడతారు, ఎంత పెడతారు, కచేరీ మధ్యలో ఎండిపోతే ఏం చేస్తారు అని అడగండి. డప్పు వాళ్లని దేంతో కాస్తారు, ఎంతసేపు కాస్తారు అని అడగండి, మన ఊళ్లో సముద్రం గాలికి తేమ ఎక్కువ, చర్మం ఊరికే మెత్తబడిపోతుంది, కాచడం దగ్గరే వాళ్లకి బోలెడు సంగతులుంటాయి. రేడియోలో పాడిన పెద్దవాళ్లు దొరికితే ఆడిషన్ రోజు అడగండి. ఆకాశవాణి విశాఖ కేంద్రం 1963లో వచ్చింది, రేడియోవాళ్లు కళాకారులకి ఇచ్చే బి గ్రేడు, బి హై, ఎ గ్రేడు అనే ఆ మెట్లు ఎక్కడానికి వీళ్లు పడ్డ తిప్పలు, అద్దం అవతల ఎవరున్నారో తెలీకుండా పాడటం, ఉత్తరం వచ్చేదాకా ఎదురుచూడటం, ఇవి అడిగితే గొంతు మారిపోతుంది, మీరే చూస్తారు.

వయోలిన్ వాళ్ల దగ్గరికి వెళ్తుంటే మాత్రం కొంచెం చదువుకుని వెళ్లండి. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయోలిన్ చెప్పి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు, మన ఉత్తరాంధ్రలో పెద్ద వయసు వయోలిన్ మాస్టార్లు చాలామంది ఆ చెట్టు కొమ్మలే అని చెప్పుకుంటారు. ఆ పేర్లు మీరు కలిసిన మాస్టారి నోటెంట వచ్చినప్పుడు మీరు ‘ఆయనెవరండీ’ అన్నారంటే ఆ పూటకి మాట అక్కడితో సరి. తెలిసినట్టు నటించమనట్లేదు, ఇంటి నుంచి బయల్దేరే ముందు ఒక గంట ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చోండి అంటున్నాను.

కళాభారతి ఆడిటోరియంలో కచేరీ అవ్వగానే మెయిన్ ఆర్టిస్టు మీద పడకండి, ఆ టైంలో ఆయన చుట్టూ ఫొటోల వాళ్లుంటారు, అలిసిపోయుంటాడు. పక్క వాద్యాల వాళ్లని ఎవరూ పలకరించరు, ఘటం సంచిలో పెట్టుకుంటూ ఒక్కడే ఉంటాడు, ఆయన్ని పలకరించండి. ఇంకో మాట, మైక్ సెట్ వాళ్లు. గురజాడ కళాక్షేత్రం, మున్సిపల్ స్టేడియం, వినాయక చవితి పందిళ్లు, యూనియన్ మీటింగులు, అన్నిట్లోనూ నలభై ఏళ్లు వైర్లు లాగినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. ఎవరు ఎలా పాడేవారో, ఎవరు మైకు దగ్గర వణికేవారో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. వాళ్లు కూడా కళాకారులే అని నేను గట్టిగా నమ్ముతాను, నాకు తెలిసి వీళ్లని ఎవరూ ఇంతవరకూ సరిగ్గా కూర్చోబెట్టి అడగలేదు, మీరు అడిగితే గొప్ప పని చేసినట్టే.

ఎప్పుడు వెళ్లాలన్నది చాలామంది పట్టించుకోరు, నేను మార్గశిరం గురువారం వెళ్లినట్టే వెళ్తారు. ప్రతి పనికీ ఒక ఖాళీ కాలం ఉంటుంది, అది తెలుసుకోండి. సన్నాయి మేళం వాళ్లకి ఆషాఢం, మూఢం రోజులు, ముహూర్తాలు ఉండవు కాబట్టి ఇంట్లోనే ఉంటారు. జాలరిపేట, ఫిషింగ్ హార్బర్ వైపు అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మర పడవలకి వేట నిషేధం. అప్పుడు వలలు బాగుచేసుకుంటూ ఒడ్డున కూర్చుంటారు. చేతులు వల మీద ఉంటాయి, నోరు ఖాళీ, మీ కళ్లలోకి చూడక్కర్లేదు కాబట్టి మొహమాటం కూడా ఉండదు, వాళ్ల పాటలు, గంగమ్మ పండగ, తుఫాను రాత్రులు, తెప్ప మీద పోయినవాళ్ల సంగతులు, అన్నీ ఆ వల కన్నుల్లోంచి, అంటే వల రంధ్రాల్లోంచి, దారం లాగినట్టు వస్తాయి. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఖాళీ కాలం అంటే డబ్బులు లేని కాలం కూడా, ఆ ఇళ్లలో అప్పుల మాట నడుస్తుంటుంది. మీరు పాట అడిగితే వాళ్లు డీజిల్ రేటు చెప్తారు, హార్బర్‌లో చోటు గురించి చెప్తారు, అది కూడా రికార్డు చెయ్యండి, పక్కకి తప్పించకండి. ఆయనకి పాట వేరు, డీజిల్ వేరు కాదు.

ఏటికొప్పాక కూడా మీ లిస్టులో ఉంది, బాగుంది. వరాహ నది ఒడ్డున లక్క బొమ్మల ఊరు, అంకుడు కర్ర, లక్క, 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు), 2023లో సి.వి.రాజు గారికి పద్మశ్రీ, ఇవన్నీ పేపర్లో వచ్చేసినవే, అక్కడికి వెళ్లి మళ్లీ ఇవే చెప్పించకండి. మర తిరుగుతుంటే లక్క ముక్క కర్రకి ఆనిస్తారు, ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. అది జరుగుతున్నప్పుడు వీడియో తియ్యండి, మాట మాత్రం మర ఆపాక. మర రొదలో మాట్లాడిస్తే ఆయన అరుస్తాడు, మనిషి అరిచేటప్పుడు నిజమైన సంగతులు చెప్పడు. పాడైపోయిన బొమ్మ ఒకటి చూపించమనండి. బాగా వచ్చిన బొమ్మ గురించి అందరూ ఒకేలా చెప్తారు, పాడైన బొమ్మ దగ్గర పని తెలుస్తుంది, కర్ర పచ్చిగా ఉండి చీలిందా, వేడి ఎక్కువైందా, చెయ్యి వణికిందా అని.

బీచ్ రోడ్డు కుర్రాళ్ల బ్యాండ్ల దగ్గర ఇబ్బంది వేరు. నలుగుర్ని కూర్చోబెడితే ఒకడే మాట్లాడతాడు, డ్రమ్స్ వాయించేవాడు గంటసేపు పుల్లలు తిప్పుతూ ఉంటాడు. గ్రూపుగా పావుగంట చాలు, తర్వాత ఒక్కొక్కడినీ విడిగా కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న వెయ్యండి, ప్రాక్టీసు ఎక్కడ చేస్తారు అని. పక్కింటివాళ్ల గొడవ, ఇంట్లో వాళ్లకి చెప్పకుండా అద్దెకి తీసుకున్న గది, స్టీల్ ప్లాంటులో షిఫ్టు చేసొచ్చి రాత్రి వాయించడం, నాలుగు జీవితాలు నాలుగు రకాలుగా బయటికొస్తాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యం అనుకునేది చెప్తాను, భాష. మొదట్లో నేను చేసిన తప్పు ఇంకా బాధపెడుతుంది. ఆ డోలు పెద్దాయన చెప్పింది ఇలా ఉంది: ‘నాను పదేళ్ల గుంటడ్నప్పుడు మా నాయిన ఎనకాల డోలు మోసుకుని సిమ్మాచలం మెట్లెక్కినాను, కాళ్లు బొబ్బలు, మా నాయిన తిరిగి సూడనేదు.’ నేను దాన్ని ఇలా రాశాను: ‘నాకు పదేళ్ల వయసులో మా తండ్రిగారి వెంట డోలు మోస్తూ సింహాచలం మెట్లు ఎక్కాను, పాదాలు బొబ్బలెక్కాయి, ఆయన వెనుదిరిగి చూడలేదు.’ తప్పేముంది, చక్కగా ఉంది కదా అనుకున్నాను, పత్రికవాళ్లకీ అదే కావాలి. అచ్చయ్యాక కాపీ పట్టుకెళ్లి వాళ్లమ్మాయి చేత చదివించాను. ఆ అమ్మాయి మొత్తం చదివి మడిచి పెట్టి, ‘బాగుంది సార్, కానీ ఇందులో మా నాన్న లేడండి. ఎవరో మాస్టారు మాట్లాడుతున్నట్టుంది’ అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి ఏటి, నేదు, నాను, ఎల్నాను, ఎలా అంటే అలా రాస్తున్నాను. ఉత్తరాంధ్ర మాట సినిమాల్లో నవ్వించడానికి వాడీ వాడీ, మన వాళ్లే మైకు చూడగానే పుస్తకం భాషలోకి వెళ్లిపోతారు, మీరు పుస్తకం భాషలో ప్రశ్న వేస్తే ఇంకా బిగుసుకుపోతారు. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి. రావిశాస్త్రి గారు ఈ ఊరి కోర్టుల్లో ప్లీడరీ చేస్తూ అక్కడ విన్న మాటని విన్నట్టే కథల్లోకి తెచ్చారు, అది మన ఊరు మనకి ఇచ్చిన పాఠం, దాన్ని మనమే వదిలేస్తే ఎలా.

తారీఖుల సంగతి. పెద్దవాళ్లు సంవత్సరాలు తప్పు చెప్తారు, సహజం. విశాఖకి ఉక్కు ఫ్యాక్టరీ కావాలని జరిగిన ఉద్యమంలో పాటలు పాడిన ఒక యూనియన్ పెద్దమనిషి నాకు అది 1968 అని చెప్పారు. అమృతరావు గారి నిరాహార దీక్ష, నవంబర్ 1న విశాఖలో కాల్పులు, అన్నీ 1966. నేను అక్కడికక్కడే సరిదిద్దలేదు, దిద్దితే ప్రతి వాక్యానికీ ఆగి నా మొహం చూస్తారు. మర్నాడు ఫోన్ చేసి, అప్పుడు మీరు ఏ క్లాసు, అన్నయ్యకి పెళ్లయిందా అని చుట్టూ తిప్పి అడిగితే ఆయనే లెక్కేసి 66 అన్నారు. రాసేటప్పుడు ఆయన మాట ఆయన మాటగా ఉంచి పక్కన అసలు తేదీ వెయ్యండి. కాల్పుల రోజు గురించి అడగాలంటే మాత్రం ముందు అనుమతి తీసుకోండి, యాభై ఏళ్లు దాటినా ఆ రోజు తల్చుకుంటే గొంతు పూడుకుపోయేవాళ్లున్నారు, అక్కడ మీరు మాట్లాడకుండా ఉండటమే పని. కులం గురించి కూడా అంతే, మీరు మొదలెట్టకండి, వాళ్లు మొదలెడితే ఆపకండి.

మైకు గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీరు అనుకున్నంత పెద్ద విషయం కాదు. మీ ఫోను చాలు, వెయ్యి రూపాయల్లో కాలరుకి పెట్టుకునే వైరు మైకు ఒకటి కొనండి, రికార్డింగ్ యాప్‌లో వేవ్ (WAV, శబ్దాన్ని కుదించని ఫైలు) ఫార్మాట్ పెట్టుకోండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఫ్యాన్ ఆపమని అడగడానికి మొహమాటపడకండి, మన ఊరి ఉక్కలో ఆపడం కష్టమే, పావుగంటకోసారి వేసి ఆపండి. సముద్రం ఒడ్డున గాలికి మైకు మీద బొచ్చు తొడుగు లేకపోతే ఏమీ వినపడదు. డోలు, సన్నాయి, డప్పు వాయించేటప్పుడు కాలరు మైకు తీసేసి ఫోను పది అడుగుల దూరంలో పెట్టండి, దగ్గరుంటే శబ్దం పగిలిపోతుంది. వెనకాల టీవీలో సినిమా పాట వస్తుంటే కట్టించండి, తర్వాత యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. అంతే. ఇంటికొచ్చిన రాత్రే ఇంకో రెండు చోట్ల కాపీ చెయ్యండి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014 అక్టోబర్ 12, నా పాత క్యాసెట్లు, ఒక హార్డ్ డిస్క్, కిటికీ అద్దాలు పగిలి వచ్చిన వానకి పోయాయి. అందులో ఒక తప్పెటగుళ్లు (మన ఉత్తరాంధ్ర జానపద నృత్యం) గురువు మాట ఉంది, ఆయన అంతకు ముందు ఏడాదే పోయారు. మళ్లీ రికార్డు చేసే దారి లేదు.

డబ్బుల విషయంలో నా పద్ధతి చెప్తాను, వేరేవాళ్లు వేరేగా చెప్తారు. మాటకి డబ్బులివ్వను, పళ్లో స్వీట్లో పట్టుకెళ్తాను. కానీ ‘ఒక్కసారి వాయించండి’, ‘ఒక పాట పాడండి’ అన్నానంటే అది వాళ్ల పని, దానికి ఇచ్చి తీరాలి, ముందే మాట్లాడుకుని. ‘మీకు ప్రచారం వస్తుంది కదా’ అనే మాట దయచేసి అనకండి. ఆ మాట విని విని వాళ్లు విసిగిపోయారు. పని మానేసి రోజంతా మీతో తిరిగితే ఆ రోజు కూలీ కూడా ఇవ్వాలి. మీ దగ్గర అంత లేకపోతే వాయించమని అడక్కండి, మాట్లాడి వచ్చేయండి. బయటపెట్టే ముందు మొత్తం ఒకసారి వాళ్లకి వినిపించండి, ఇంట్లో వాళ్ల గొడవలు, పాత తగాదాలు తీసేయమంటే తీసేయండి, వాదించకండి. ఒక పెన్ డ్రైవ్‌లో వేసి పిల్లల చేతికి ఇవ్వండి.

ఇక ఎవరితో మొదలెట్టాలి అన్నారు. పేరున్నవాళ్లతో వద్దు, వాళ్లు ఇప్పటికే వందసార్లు చెప్పి ఉంటారు. ఏటికొప్పాక, అరకు థింసా (గిరిజన నృత్యం) బృందాలు, ఇవి కూడా ఇప్పుడే వద్దు, దూరం. పెట్రోల్ ఖర్చు గురించి కాదు, ఒకే మనిషి దగ్గరికి మీరు మూడుసార్లు వెళ్లాలి, మూడోసారి ఉత్త చేతుల్తో కూర్చోవాలి, దూరమైతే రెండోసారికే మనం ఏదో ఒకటి రికార్డు చేసేసి వచ్చేస్తాం. మీ ఇంటి నుంచి పెదజాలరిపేటకి నడిచి వెళ్లొచ్చు. ఈ ఆదివారం పొద్దున్నే ఆరింటికి వెళ్లండి, ఫోను తియ్యకుండా, వల దగ్గర కూర్చున్న ఎవరో ఒకరి పక్కన కూర్చుని, ఈ వల కన్ను ఎందుకు చిన్నగా ఉంది, అది ఎందుకు పెద్దగా ఉంది అని అడగండి. ఏం చెప్పారో ఇక్కడే రాయండి, రెండోసారి ఎలా వెళ్లాలో అప్పుడు మాట్లాడుకుందాం.